గొడవకు ముందు గీసిన గీత: మహమూద్ మమ్దానీ పరిశోధనా పద్ధతి

2025 నవంబరులో జోహ్రాన్ మమ్దానీ న్యూయార్క్ మేయర్‌గా గెలిచాక ఆయన తండ్రి పేరు కూడా చాలామంది తెలుగువాళ్ల చెవిన పడింది. ఆ తండ్రి, మహమూద్ మమ్దానీ, యాభై ఏళ్లకు పైగా ఆఫ్రికా రాజకీయాల మీద, అక్కడి అంతర్యుద్ధాల మీద పనిచేస్తున్న పండితుడు. ఆయన పుస్తకాల పట్టిక ఎక్కడైనా దొరుకుతుంది. ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి ఏ ప్రశ్నను మోసుకెళ్లాడు, దానికి జవాబు వెతకడానికి ఏ కాగితాలు తిరగేశాడు, ఎక్కడ గురి తప్పాడు అన్నది మాత్రం అంత తేలిగ్గా దొరకదు. సంఘర్షణల మీద పరిశోధన చేద్దామనుకునేవాళ్లకు పనికొచ్చేది అదే.

ఆయన ప్రశ్న ఒక్కటే. రెండు గుంపులు ఒకరినొకరు చంపుకుంటున్నప్పుడు అందరం "వాళ్లకు పగ ఎందుకు?" అని అడుగుతాం. మమ్దానీ అంతకంటే ఒక మెట్టు వెనక్కి వెళ్తాడు. వీళ్లు "రెండు గుంపులు" ఎప్పుడయ్యారు? ఏ చట్టం వీళ్లను రెండుగా రాసింది? ఆ రాత వల్ల ఎవరికి భూమి వచ్చింది, ఎవరికి పోయింది?

విచిత్రమేమిటంటే ఆఫ్రికా పండితుడిగా పేరున్న ఈయన తొలి పుస్తకం పంజాబ్ గురించి. హార్వర్డ్ వాళ్లు 1950ల్లో లుధియానా దగ్గర ఖన్నా ప్రాంతంలో కుటుంబ నియంత్రణ మీద పెద్ద అధ్యయనం చేశారు. ఇంటింటికీ గర్భనిరోధక మాత్రలు పంచారు. చాలామంది తీసుకున్నారు, వాడుతున్నామనీ చెప్పారు. జననాల రేటు మాత్రం ఆశించినట్టు తగ్గలేదు. తర్వాత మమ్దానీ మనుపుర్ అనే ఊరికి వెళ్లి అడిగితే అసలు సంగతి బయటపడింది. అంత దూరం నుంచి వచ్చిన చదువుకున్నవాళ్ల మాట కాదనడం మర్యాద కాదని మాత్రలు తీసుకున్నారు తప్ప వాడలేదు. ఒక ఇంట్లో ఆ డబ్బాలను, సీసాలను ఒకదాని మీద ఒకటి పేర్చి మూలన బొమ్మలా పెట్టుకున్నారు. పొలం పనికి కూలీలను పెట్టుకోలేని చిన్న రైతుకు కొడుకులే చేతులు, కొడుకులే ముసలితనంలో ఆసరా. పిల్లలు ఎక్కువై పేదలు కాలేదు, పేదలు కాబట్టే పిల్లలు కావాలి అన్నది ఆయన తేల్చిన మాట. 1972లో అచ్చయింది.

ఫీల్డ్‌వర్క్‌కి వెళ్లే ప్రతి విద్యార్థీ ముందు ఈ ఉదంతం చదవాలి. అవతలివాళ్లు అబద్ధం చెప్పలేదు, మర్యాద చూపించారు. ప్రశ్న అడిగిన మనిషి హోదానే జవాబును తయారుచేసింది. యుద్ధం జరిగిన చోట ఇది పదింతలవుతుంది. అక్కడ "మీరు ఎవరి వైపు?" అనే ప్రశ్నకు వచ్చేది మర్యాద జవాబు కూడా కాదు, ప్రాణభయం జవాబు. అందుకే అనుభవమున్నవాళ్లు మొదటి కలయికలో గొడవ ఊసెత్తరు. ఊరి చరిత్ర, పొలాల హద్దులు, పెళ్లి సంబంధాలు, ఎవరి తాత ఎక్కడి నుంచి వచ్చాడు, ఇలాంటివి అడుగుతారు. కావలసిన జవాబు సగం అందులోనే దొరుకుతుంది.

మమ్దానీ 1946లో బొంబాయిలో పుట్టి ఉగాండా రాజధాని కంపాలాలో పెరిగాడు. 1963లో అక్కడి నుంచి స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లిన విద్యార్థుల్లో ఒకడు. పిట్స్‌బర్గ్‌లో డిగ్రీ, 1974లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ. మధ్యలో 1972 ఆగస్టులో ఉగాండా నియంత ఇదీ అమీన్ ఆసియా సంతతి వాళ్లంతా 90 రోజుల్లో దేశం విడిచి పోవాలన్నాడు. అప్పుడు కంపాలాలోని మకెరెరె విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న మమ్దానీ లండన్‌లో శరణార్థి శిబిరానికి చేరాడు. 1973 నుంచి 1979 దాకా టాంజానియాలోని దార్ ఎస్ సలాం విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, అమీన్ పడిపోయాక తిరిగొచ్చాడు. 1984లో డకార్‌లో ఒక సదస్సులో ఉండగా ఉగాండాను అప్పుడు ఏలుతున్న ఒబోతె ప్రభుత్వం ఆయన పౌరసత్వం తీసేసింది. 1986లో మళ్లీ వెనక్కి వచ్చాడు. ఒకే దేశం రెండుసార్లు "నువ్వు ఇక్కడివాడివి కాదు" అంది. "ఇక్కడివాడు" అంటే ఎవడు అన్నది ఆయన జీవితకాలపు ప్రశ్న కావడంలో ఆశ్చర్యం లేదు.

అసలు మలుపు మాత్రం విశ్వవిద్యాలయంలో రాలేదు. గెరిల్లా నాయకుడు ముసెవెని ఉగాండాలో అధికారంలోకి వచ్చాక 1986లో స్థానిక పాలన మీద విచారణ కమిషన్ వేసి మమ్దానీని అధ్యక్షుడిని చేశారు. ముసెవెని గెరిల్లాలు ఊళ్లలో పెట్టిన ప్రజా మండళ్లు ఒక పక్క, బ్రిటిష్ వాళ్ల కాలం నుంచి పల్లెలను ఏలుతున్న చీఫ్‌లు, అంటే తెగ పెద్దలు, ఇంకో పక్క. ఎవరిని ఉంచాలి, ఎవరికి ఏ అధికారం ఇవ్వాలి అన్నది కమిషన్ ముందున్న పని. కమిషన్ అధ్యక్షుడంటే జిల్లా జిల్లా తిరగొచ్చు, చీఫ్‌నూ రైతునూ ఒకేచోట కూర్చోబెట్టి అడగొచ్చు, కార్యాలయం ఫైలు తెప్పించుకోవచ్చు. బయటి నుంచి ఆరు నెలలకు వచ్చే పరిశోధకుడికి ఈ తలుపులు తెరుచుకోవు. 1987లో కంపాలాలో సెంటర్ ఫర్ బేసిక్ రీసెర్చ్ స్థాపించి, 1996 దాకా దాన్ని నడిపింది కూడా ఈయనే.

ఆ తిరుగుడు లోంచే 1996 నాటి "సిటిజన్ అండ్ సబ్జెక్ట్" పుట్టిందనుకోవచ్చు. దాని వాదన తెలుగువాళ్లకు తేలిగ్గానే ఎక్కుతుంది. వలస రాజ్యం ఒకటి కాదు, రెండు. పట్నంలో తెల్లవాళ్లకు రాసి పెట్టిన చట్టం, కోర్టు, హక్కులు. పల్లెలో నల్లవాళ్లకు "ఆచారం", దాన్ని అమలుచేసే చీఫ్. పట్నంలో ఉన్నవాడు పౌరుడు, పల్లెలో ఉన్నవాడు పాలితుడు. మన పాత ఊళ్లలో పన్ను వసూలుకు మాలీ పటేల్, శాంతిభద్రతలకు పోలీస్ పటేల్, లెక్కలకు పట్వారీ అని కనీసం మూడు చేతులుండేవి. ఆంధ్రలో మునసబూ కరణమూ వేరు. ఆఫ్రికా చీఫ్ చేతిలో ఆ మూడూ ఉన్నాయి, పైగా నియమం చేయడం, తప్పు పట్టడం, తీర్పు చెప్పడం, వెట్టి చేయించడం కూడా. మమ్దానీ దీన్ని బిగించిన పిడికిలితో పోల్చాడు. పల్లె మనిషికి భూమి ఎలా వస్తుంది? ఆ తెగవాడైతేనే వస్తుంది. ఆ తెగవాడని చెప్పాల్సింది ఎవరు? చీఫ్. అంటే తెగ అనేది పాట, పండగ, భాషగా ఉండడం మానేసి పొలానికి పట్టాగా మారింది. ఒక తరం తర్వాత పక్క జిల్లా నుంచి వచ్చినవాడు అదే భాష మాట్లాడినా "వలసొచ్చినవాడే".

స్వాతంత్ర్యం వచ్చాక చాలా దేశాలు పట్నం చట్టం లోంచి రంగు భేదం తీసేశాయి. పల్లెలో చీఫ్ పిడికిలిని మాత్రం విప్పలేదు. ఇంకొన్ని దేశాలు చీఫ్‌ను తీసేసి ఆ పిడికిలిని ఒకే పార్టీ చేతికిచ్చాయి. దక్షిణాఫ్రికా వర్ణవివక్ష ఏదో వింత మినహాయింపు కాదు, ఖండమంతా ఉన్న పద్ధతికే ముదిరిన రూపం అన్నది ఈ పుస్తకంలో అందరినీ కదిలించిన మాట. దీనికి ఆఫ్రికన్ స్టడీస్ అసోసియేషన్ వారి హెర్స్కోవిట్స్ బహుమతి వచ్చింది.

ఈ పద్ధతి పుట్టిల్లు మన దేశమేనని 2012లో తెచ్చిన పుస్తకంలో ఆయనే చూపించాడు. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్లు "ఆచారాల జోలికి పోం" అంటూ ఆచారాన్నే పాలనా సాధనం చేసుకున్నారు. 1862 నుంచి 1869 దాకా వైస్రాయ్ మండలిలో న్యాయ సభ్యుడిగా ఉన్న హెన్రీ మెయిన్ దీనికి సిద్ధాంతం సమకూర్చాడు. ఉత్తర నైజీరియాలో పరోక్ష పాలనను, అంటే స్థానిక పెద్దల ద్వారా ఏలే పద్ధతిని, స్థిరపరిచిన బ్రిటిష్ అధికారి లుగార్డ్ పుట్టింది 1858లో మద్రాసులో. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే, మనం మన్యాన్ని "ఏజెన్సీ" అంటాం కదా, ఆ మాట ఎక్కడిది? 1839లో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తీసేసి కలెక్టరును "ఏజెంటు"గా పెట్టిన చట్టం నుంచి వచ్చింది. మైదానానికో చట్టం, కొండకో చట్టం. మమ్దానీ కంపాలాలో చూసిన గీతకు అన్నయ్య లాంటిది ఇది. అలాగే తెలంగాణలో ముల్కీ, సెట్లర్ అనే మాటల బరువు తెలిసినవాళ్లకు ఆయన వాడే "సెట్లర్, నేటివ్" జంట కొత్తగా అనిపించదు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఆయన వాడకంలో సెట్లర్ అంటే వలస వచ్చిన ప్రతివాడూ కాదు. జయించిన రాజ్యం చట్టంలో పైమెట్టు మీద కూర్చోబెట్టినవాడు. ఈ తేడా మరిచిపోయి మన సంగతులకు అతికిస్తే తప్పుడు పోలిక అవుతుంది.

ఇక రువాండా. 1994 ఏప్రిల్ నుంచి జులై వరకు సుమారు వంద రోజుల్లో అక్కడి మైనారిటీ వర్గమైన తుత్సీలను లక్షల మందిని చంపారు. ఎక్కువగా చెప్పే లెక్క 8 లక్షలు. మెజారిటీ వర్గమైన హుతూల్లో వ్యతిరేకించినవాళ్లనూ చంపారు. 2001 పుస్తకంలో మమ్దానీని కలవరపెట్టింది పై నుంచి వచ్చిన ఆదేశం ఒక్కటే కాదు. పొరుగువాళ్లు, ఉపాధ్యాయులు, చర్చి మనుషులు ఎందుకు పాల్గొన్నారు అన్నది. ఆయన జవాబు మళ్లీ గీత దగ్గరికే వెళ్తుంది. హుతూ, తుత్సీ ఇద్దరిదీ ఒకే భాష, ఒకే మతం, ఒకే కొండ. బెల్జియం పాలకులు 1933-34లో జనాభా లెక్క తీసి ప్రతి మనిషికీ జాతి రాసిన గుర్తింపు కార్డు ఇచ్చారు. తుత్సీలు బయటి నుంచి వచ్చిన ఉన్నత జాతి అన్న కథను చదువులోకి, ఉద్యోగాల్లోకి ఎక్కించారు. 1959 తిరుగుబాటు ఆ కథను చెరపలేదు, తలకిందులు చేసింది అంతే. నిన్న "పైనున్న పరాయివాడు", నేడు "వెళ్లగొట్టాల్సిన పరాయివాడు".

ఇక్కడ భాష తెలిస్తే ఎంత లాభమో చూడండి. ఆ కార్డు మీద జాతి గడి పక్కన ఉన్న కిన్యర్వాండా మాట "ఉబ్వోకొ". అదే మాటకు వంశం అనీ, రకం అనీ అర్థముంది. మన దగ్గర కులం, గోత్రం, జాతి ఒకే గడిలో రాయమంటే ఎవరు ఏం రాస్తారో ఊహించుకోండి. అనువాదకుడి మీదే ఆధారపడినవాడికి "మీ ఉబ్వోకొ ఏమిటి?" అన్న ప్రశ్నకు 1920ల వృద్ధుడు ఇచ్చే జవాబు, 1990ల యువకుడు ఇచ్చే జవాబు వేరువేరు ప్రశ్నలకని తెలియదు. ఇప్పుడైతే అసలు ఆ ప్రశ్నే అడగలేం. జాతి నిర్మూలన తర్వాత కార్డుల మీద ఆ గడి తీసేశారు, విభజనవాదం మీద, జాతి నిర్మూలన భావజాలం మీద కఠిన చట్టాలున్నాయి. సర్వే పత్రంలో జాతి అని ఒక వరుస పెట్టుకుని రాజధాని కిగాలీలో దిగితే అనుమతి దగ్గరే ఆగిపోతుంది, లేదంటే జవాబు చెప్పినవాడు చిక్కుల్లో పడతాడు.

ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటే బలంగా అనిపించే భాగం రువాండా సరిహద్దు అవతలిది. ఉగాండాలో స్థిరపడ్డ రువాండా శరణార్థుల పిల్లలు ముసెవెని సైన్యంలో పోరాడారు. ఫ్రెడ్ ర్విగ్యెమా, పాల్ కగామె లాంటివాళ్లు పెద్ద పదవులకు ఎక్కారు. 1990లో పశువుల క్షేత్రాల భూమి పంపకం మీద గొడవ లేచినప్పుడు, మీరు ఇక్కడి పౌరులు కారు, మీకు భూమి లేదు అన్నారు. అదే ఏడాది అక్టోబరు 1న వాళ్లు తుపాకులతో రువాండా సరిహద్దు దాటారు. ఉగాండా పౌరసత్వ సమస్యను రువాండాకు ఎగుమతి చేసిందంటాడు మమ్దానీ. ఒక దేశపు యుద్ధానికి కారణం పక్క దేశపు భూచట్టంలో ఉండొచ్చు. దేశాలవారీ గణాంకాల పట్టికలో ఇది ఎప్పటికీ కనపడదు.

అయితే ఈ పుస్తకం మీద వచ్చిన విమర్శా గట్టిదే. పొరుగువాడు ఎందుకు చంపాడని అడిగిన పుస్తకంలో ఆ పొరుగువాడి గొంతు తక్కువ. నిర్మాణం గురించి చెప్పి, మనిషి దానంతట అదే అర్థమవుతాడని అనుకోవడం ఒక ప్రమాదం. స్కాట్ స్ట్రాస్ అనే రాజకీయ శాస్త్రవేత్త రువాండా జైళ్లకు వెళ్లి శిక్షపడ్డ 210 మందిని అడిగాడు. చంపినవాళ్ల సంఖ్య 1,75,000 నుంచి 2,10,000 మధ్య ఉండొచ్చని అంచనా వేశాడు. వాళ్ల మాటల్లో పాత పగ కంటే ఎక్కువగా వినిపించినవి యుద్ధం తెచ్చిన భయం, పక్కనున్న హుతూల ఒత్తిడి, అధికారుల ఆజ్ఞ. ఇది కూడా నేరస్తుల మాటే కాబట్టి "నన్ను బలవంతపెట్టారు" అన్నదాన్ని ముఖవిలువకు తీసుకోకూడదు. స్ట్రాస్‌కూ ఆ సంగతి తెలుసు.

రెండో విమర్శ ఇంకా ముఖ్యం. గుర్తింపు కార్డు దేశమంతా ఒకటే. మరి హత్యలు అన్నిచోట్లా ఒకే రోజు ఎందుకు మొదలు కాలేదు? బుతారె ప్రాంతంలో రెండు వారాల దాకా పెద్దగా జరగలేదు. అక్కడి ప్రిఫెక్ట్ (ప్రాంత పాలనాధికారి) జీన్-బాప్టిస్ట్ హబ్యలిమన, తుత్సీ, అడ్డుకున్నాడు. ఆయన్ను తీసేసి, ఏప్రిల్ 19న తాత్కాలిక అధ్యక్షుడు సిందికుబ్వాబొ వచ్చి ఉపన్యసించాక అక్కడా ఊచకోత మొదలైంది. మారని కారణంతో మారే ఫలితాన్ని వివరించలేం. ఈ రంగంలో ఎన్నో సిద్ధాంత గ్రంథాలు కూలేది ఇక్కడే. వలస పాలన గురించి 200 పేజీలు రాసి, పక్కపక్కన ఉన్న రెండు జిల్లాల్లో ఒకటే ఎందుకు తగలబడిందో చెప్పలేకపోతారు. అందుకే మమ్దానీ దారిలో వెళ్లేవాళ్లు మొదటి రోజే గొడవ జరగని చోటును కూడా ఎంచుకోవాలి.

దీనికి చక్కటి నమూనా రాజకీయ శాస్త్రవేత్త డేనియల్ పోస్నర్ 2004లో చేసిన పని. జాంబియా, మలావీ మధ్య సరిహద్దు చెవా, తుంబుకా తెగలు రెండింటినీ చీల్చుకుంటూ పోతుంది. గీతకు ఇటూ అటూ భాష అదే, ఆచారం అదే. మలావీలో ఇద్దరికీ పడదు, జాంబియాలో ఇద్దరూ మిత్రులు. కారణం సంఖ్య. మలావీలో చెవాలు సుమారు 28 శాతం, తుంబుకాలు 12 శాతం, అంటే ఇద్దరికీ ఓటు బలం ఉంది. జాంబియాలో 7, 4 శాతమే కాబట్టి కలిస్తేనే గట్టెక్కుతారు. మమ్దానీ గీత పుట్టుకను చూపిస్తే, పోస్నర్ అదే రకం గీత ఎక్కడ మండుతుందో ఎక్కడ మండదో చూపించాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

సూడాన్ పశ్చిమాన ఉన్న దార్ఫుర్ మీద 2009లో మమ్దానీ రాసిన పుస్తకం ఎక్కువ తిట్లు తెచ్చింది. ఆఫ్రికన్ యూనియన్ నడిపిన దార్ఫుర్ సంప్రదింపుల్లో ఆయన సలహాదారుగా పనిచేశాడు. బ్రిటిష్ వాళ్లు అక్కడ తెగలకు "దార్" పేరుతో భూములు కేటాయించారు. ఒంటెలు మేపుకుంటూ తిరిగే ఉత్తరపు అరబ్బు గుంపుల్లో కొన్నిటికి దార్ దక్కలేదు. కరువులొచ్చి ఎడారి కిందికి జరిగాక దార్ లేనివాళ్లు ఉన్నవాళ్ల పొలాల మీదికి వచ్చారు. 1987-89లోనే ఒక యుద్ధం జరిగింది. 2003 తిరుగుబాటును అణచడానికి ఖార్తూమ్‌లోని సూడాన్ ప్రభుత్వం ఆ దార్ లేనివాళ్లకే తుపాకులిచ్చింది. భూమి సంగతి మమ్దానీ సరిగ్గానే పట్టుకున్నాడు. ఆ తుపాకులిచ్చిన చేతి మీద మాత్రం చాలినంత బరువు పెట్టలేదని నా గట్టి అభిప్రాయం. అలా తుపాకులు పట్టిన జంజవీద్ దళాల్లోంచే ఆర్ఎస్ఎఫ్ అనే సాయుధ సేన పుట్టింది. 2023లో ఒక్క ఎల్ జెనీనా అనే దార్ఫుర్ పట్టణంలోనే 10,000 నుంచి 15,000 మంది చనిపోయారని ఐరాస నిపుణుల బృందం అంచనా. ఎక్కువమంది మసాలిత్ తెగవాళ్లు. భూమి కరువు ఒక్కటే ఈ పని చేయదు. జీతం, ఆయుధం, శిక్ష పడదన్న ధీమా కలిస్తే జరుగుతుంది.

దార్ఫుర్ లెక్కల గొడవ కూడా తెలుసుకోదగ్గది. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2006లో ఆరు వేర్వేరు మరణాల అంచనాలను 12 మంది నిపుణుల ముందు పెట్టింది. ఎక్కువ ప్రచారం పొందిన పెద్ద సంఖ్యల మీద వాళ్లకు నమ్మకం కుదరలేదు. తేడా ఎక్కడొస్తుంది? "అదనపు మరణాలు" లెక్కకట్టాలంటే యుద్ధం లేకపోతే ఎంతమంది చనిపోయేవాళ్లో ముందు అనుకోవాలి. కాంగోలో 1998 నుంచి 2007 దాకా 54 లక్షల అదనపు మరణాలన్న ప్రసిద్ధ అంచనా మీద తగాదా కూడా ఇదే. చేత్తో వేసి చూడండి. 6 కోట్ల జనాభా, నెలకు వెయ్యికి ఇన్ని మరణాలు అన్న కొలత. ఆ ఆధార రేటును 0.1 మారిస్తే నెలకు 6,000, ఏడాదికి 72,000 మంది లెక్కలోకి వస్తారు లేదా పోతారు. 1.5 అన్నచోట 2.0 అంటే ఏడాదికి 3,60,000. ఎవరూ దొంగ లెక్క రాయనక్కర్లేదు, ఒక్క ఊహ చాలు.

సిద్ధంగా దొరికే డేటాకూ ఇదే జాగ్రత్త. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయం వాళ్ల పట్టికలో ఏడాదికి 25 మంది పోరులో చనిపోతేనే సంఘర్షణ, 1,000 దాటితే యుద్ధం. ఘటనలను నమోదుచేసే ఏక్లెడ్ సంస్థ పట్టికలో మరణం లేకపోయినా నిరసన, దాడి, దోపిడీ నమోదవుతాయి. ఆఫ్రికాకు 1997 నుంచి ఉంది. ఒకే జిల్లా ఒకదాంట్లో ప్రశాంతంగా, ఇంకోదాంట్లో అల్లకల్లోలంగా కనిపిస్తుంది. రెండిటికీ వార్తలే ముఖ్యమైన ముడిసరుకు. సెల్ సిగ్నల్, విలేకరి, ఎన్‌జీఓ ఉన్న చోట ఘటనలు "పెరుగుతాయి". అందుకే కొత్తగా టవర్ పడిన ఏడాదిని హింస పెరిగిన ఏడాదిగా రాసేముందు ఆగాలి.

మమ్దానీ మాదిరి పని చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఉగాండానే తీసుకుంటే ముందు ఒక జిల్లా హద్దుల పటాలు, వేర్వేరు దశాబ్దాలవి, పక్కపక్కన పెట్టుకోవాలి. హద్దు జరిగిన ప్రతిచోటా ఎవరో ఒకరు "బయటివాడు" అయి ఉంటాడు. తర్వాత చీఫ్ నియామకాల ఫైళ్లు, పన్ను రిజిస్టర్లు, ఆచార కోర్టుల కేసు పుస్తకాలు. కేసు పుస్తకాల్లో భూమి తగాదాలు బంగారం. అవి కంపాలా నేషనల్ ఆర్కైవ్స్‌లో కొన్ని, జిల్లా కేంద్రాల్లో కొన్ని. కబరోలె జిల్లా కాగితాలను ఫోర్ట్ పోర్టల్‌లోని మౌంటెన్స్ ఆఫ్ ద మూన్ విశ్వవిద్యాలయం భద్రపరిచింది. లండన్‌లో క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో సీఓ 536 అనే ఫైళ్ల వరుస ఉగాండాది. వలస పాలన ముగిసేటప్పుడు బ్రిటన్ తరలించి దాచిన ఫైళ్లు అక్కడే ఎఫ్‌సీఓ 141 వరుసలో ఉన్నాయి. కెన్యాలో మావు మావు తిరుగుబాటు అణచివేత బాధితులు వేసిన కేసు వల్ల 2011లో వీటి సంగతి బయటికొచ్చింది. ఈ కాగితాలన్నీ పాలకుడి కంటితో రాసినవి. "ఈ తెగ అనాదిగా ఇక్కడే ఉంది" అని 1920ల్లో అధికారి రాస్తే, ఆ మాట ఎవరు చెప్పారో, చెప్పినవాడికి దాంతో ఏం లాభమో అడగాలి. తరచూ అది చీఫ్ చెప్పిన మాటే.

మనుషులతో మాట్లాడాలంటే ముందు గుర్తింపు ఉన్న నైతిక పరిశీలన సంఘం ఆమోదం, ఆపైన ఉగాండా జాతీయ శాస్త్ర సాంకేతిక మండలి (యూఎన్‌సీఎస్‌టీ) అనుమతి. టాంజానియాలో కాస్టెక్, కెన్యాలో నాకోస్టీ అనే సంస్థలు ఇదే పని చేస్తాయి. కంపాలా కాగితం చేతికొస్తే పని అయిపోలేదు. జిల్లాలో రెసిడెంట్ డిస్ట్రిక్ట్ కమిషనర్‌ను, కింద ఊరి స్థానిక మండలి (ఎల్‌సీ-1) అధ్యక్షుణ్ని కలవాలి. ఎల్‌సీ-1ను దాటేసి నేరుగా ఇళ్లకు వెళ్తే సాయంత్రానికి అనుమానం పుడుతుంది. ఆయన్ను వెంటబెట్టుకుని తిరిగితే ఎవరూ నోరు విప్పరు. కలిసి, కాగితం చూపించి, ఒంటరిగా తిరగడమే సరైన దారి. ఈ ఎల్‌సీలు మమ్దానీ కమిషన్ పరిశీలించిన ప్రజా మండళ్ల వారసులే. అనువాదకుడు ఏ గుంపువాడో ముందే ఆలోచించాలి. వెంట తిరిగే స్థానిక సహాయకుడు పరిశోధకుడు విమానమెక్కాక కూడా అక్కడే ఉంటాడు. పేర్లు, పల్లెలు ఉన్న నోటు పుస్తకం దొరికితే దెబ్బ తగిలేది అతనికి. పేర్ల జాబితా వేరుగా, రాతలు వేరుగా ఉంచడం కనీస బాధ్యత.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2010లో మమ్దానీ మకెరెరె సామాజిక పరిశోధనా సంస్థకు డైరెక్టరై 2022 దాకా నడిపాడు. అక్కడ ఆయన తలపడింది కన్సల్టెన్సీ అలవాటుతో. దాత ప్రశ్న ఇస్తాడు, స్థానిక పండితుడు డేటా సేకరిస్తాడు, సిద్ధాంతం ఇంకెక్కడో రాస్తారు. నివేదికలు గుట్టలుగా పేరుకుంటాయి, ప్రశ్న మాత్రం ఎప్పుడూ అరువుదే. దానికి విరుగుడుగా పీహెచ్‌డీలో ముందు గట్టి కోర్సులు, విస్తృతమైన చదువు, ఆ తర్వాతే ఫీల్డ్ అన్న పద్ధతి పెట్టాడు. అంతకుముందు కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో 1996 నుంచి 1999 దాకా ఉన్నప్పుడూ పోరు ఇలాంటిదే. ఆఫ్రికా గురించిన ప్రథమ సంవత్సరం పాఠంలో ఆఫ్రికా పండితుల చర్చలే లేవని నిలదీసి, చివరికి అక్కడి నుంచి వెళ్లిపోయాడు.

ఆయన్ను కొత్తగా చదివేవాళ్లు 1996 పుస్తకంతో మొదలుపెట్టకపోవడం మంచిది, అది గట్టి గింజ. ముందు పంజాబ్ పుస్తకం చదవాలి, చిన్నది. తర్వాత రువాండా పుస్తకంలో ఉగాండా అధ్యాయం, పక్కనే స్ట్రాస్ ఇంటర్వ్యూలు. ఆ రెండూ అయ్యాక 1996 పుస్తకంలోని సిద్ధాంతానికి మనుషుల ముఖాలు వస్తాయి. చివరగా 2015లో బయటికొచ్చిన దక్షిణ సూడాన్ విచారణ నివేదిక, దానికి ఆయన విడిగా రాసిన అభిప్రాయం. నైజీరియా మాజీ అధ్యక్షుడు ఒబాసంజో నేతృత్వంలో ఆఫ్రికన్ యూనియన్ వేసిన ఆ కమిషన్‌లో ఆయన సభ్యుడు. తోటి సభ్యులు చూసిన సాక్ష్యమే చూసి, కోర్టు విచారణల కంటే ముందు రాజకీయ పునర్నిర్మాణం కావాలని ఎలా తేల్చాడో ఆ రెండు పత్రాలను పేరా పేరా పోల్చి చూస్తే తెలుస్తుంది. చదివేటప్పుడు ఉగాండా, రువాండా, సూడాన్‌ల జిల్లా పటాలు దగ్గర పెట్టుకుని, ఆయన చెప్పిన ప్రతి గీతనూ పెన్సిల్‌తో గీసుకుంటూ పోవాలి.